కోత చక్రం వెనక

యంత్రం నది కింద ఆగిపోయిందన్న కబురు గీతలమ్మకి పొద్దున్న తొమ్మిదింటికి అందింది. పదింటికల్లా ఆమె అరచేతులకి చెమట పట్టి పెన్సిలు జారిపోతోంది.

గీతలమ్మ అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. సొరంగాలు తొలిచే యంత్రాలకి డ్రాయింగులు గీసే ఉద్యోగం ఆమెది. అందుకని సైటులో పనివాళ్లు అలా పిలవడం మొదలుపెట్టారు, అదే స్థిరపడిపోయింది. మూడంతస్తుల మేడంత ఎత్తున గుండ్రంగా తిరిగే కోత చక్రం, దానికి బిగించిన ఉక్కు పళ్లు, ఆ పళ్లు కూర్చునే గూళ్లు, అన్నీ పదకొండేళ్లుగా ఆమె చేతి మీదుగా కాగితం మీదికి వచ్చినవే. అయినా ఏ యంత్రం ముందు భాగంలోకీ ఆమె ఒక్కసారి కూడా వెళ్లలేదు. వెళ్లాల్సిన అవసరం పడకుండా చూసుకుంది అంటే నిజానికి ఇంకా దగ్గరగా ఉంటుంది.

"మూడు గూళ్లు వంగిపోయాయి," అన్నాడు ప్రాజెక్టు మేనేజరు. సైటులో అందరూ పెద్దసారు అంటారు ఆయన్ని. ఆయన బల్ల మీద నాలుగు ఫొటోలు పరిచాడు. నాలుగింట్లోనూ బురద తప్ప ఏమీ కనపడలేదు. "మేస్త్రి చూసి వచ్చాడు. వెల్డింగు చేస్తే నిలుస్తాయో, కోసేసి కొత్తవి పెట్టాలో తను చెప్పలేనన్నాడు. గీసినవాళ్లే వచ్చి చూడాలన్నాడు."

"యంత్రాన్ని రెండడుగులు వెనక్కి..." అనబోయి ఆమె ఆగిపోయింది. ఎవరికి చెబుతోంది? యంత్రం ముందుకి పోతూ తన వెనక కాంక్రీటు రింగులు కట్టుకుంటూ పోతుంది. ఆ రింగులు యంత్రం కంటే ఇరుకు. ఇక వెనక్కి రావడమన్నది లేదు. ముందు నుయ్యి వెనక గొయ్యి అన్న మాట ఈ యంత్రం కోసమే పుట్టిందా అనిపిస్తుంది. పళ్లు అరిగితే మనుషులే ముందుకి వెళ్లాలి. చక్రానికీ, యంత్రంలోని ఉక్కు అడ్డగోడకీ మధ్య ఒక ఇరుకు గది ఉంటుంది. తవ్విన మట్టి అంతా అందులోనే పడుతుంది. ఆ మట్టిని సగానికి దించి, పై సగంలోకి మామూలు గాలికి నాలుగు రెట్ల ఒత్తిడితో గాలి ఎక్కిస్తారు. ఆ గాలే ఎదుటి మట్టినీ, దాని మీది నదినీ ఆపి ఉంచుతుంది. మనుషులు ఆ గాలిలో నిలబడి పని చేస్తారు.

ఈ అవస్థ లేకుండా చేసే ఉపాయం ఉంది. ఆ ఉపాయాన్ని ఆమే గీసింది. చక్రానికి ఆరు చేతులుంటాయి. ఆ చేతుల్ని బోలుగా, మనిషి దూరేంత వెడల్పుగా చేస్తే, అడ్డగోడలోంచి నేరుగా చేతిలోకి నడిచిపోయి లోపలినుంచే పళ్లు ఊడదీసి కొత్తవి పెట్టొచ్చు. అవతల ఎంత ఒత్తిడి ఉన్నా ఇవతల మామూలు గాలే. అలాంటివి కొన్నిచోట్ల అప్పటికే తిరుగుతున్నాయి. కానీ చక్రం బరువెక్కుతుంది, యంత్రం చేతికి రావడానికి ఎనిమిది నెలలు ఆలస్యమవుతుంది అన్నారు. రెండు మీటింగుల్లో ఆమె వాదించింది. మూడో మీటింగులో నోరు మూసుకుంది. బోలు చేతులు కొట్టేసి, పాత పద్ధతిలో గీసిన డ్రాయింగు మీద సంతకం పెట్టింది.

"రేపు పొద్దున్న వెళ్తాను," అంది. ఆ గొంతు తనదేనా అని ఆమెకే అనుమానం వచ్చింది.

ఇంట్లో చెప్పగానే భర్త చేతిలో గిన్నె చేతిలోనే ఉండిపోయింది. ఆయన లెక్కల మేష్టారు. లిఫ్టు ఎక్కితే కళ్లు మూసుకుని అంతస్తులు లెక్కపెట్టుకునే మనిషి.

"నది కింద, ఇనుప పెట్టెలో, నువ్వా? ఇంకెవరూ లేరా?"

"గీసింది నేనేగా."

"ఇల్లు గీసిన ఇంజనీరు గోడ బీటలిస్తే దాని కింద పడుకుంటాడా ఏమిటి?" అని విసుక్కున్నాడు. విసుక్కుంటూనే ఆమె బూట్లకి కొత్త తాళ్లు ఎక్కించి పెట్టాడు.

మావగారు మాత్రం విసుక్కోలేదు. ఆయనా సొరంగాల మనిషే. తుంటి ఎముకలు రెండూ చచ్చుబడి, నలభై ఏళ్ల వయసునుంచే రెండు కర్రల మీద నడుస్తున్నారు. ఆ సంగతి ఎవరడిగినా "పని చేసే చోట దెబ్బ తగిలింది" అని ఊరుకునేవారు. ఆ సాయంత్రం కోడలిని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"మా రోజుల్లో ఈ చక్రాలూ అవీ లేవమ్మా. గుండ్రటి ఇనుప కవచం, దాని లోపల అటకల్లాగా మెట్లు. ఒక్కో మెట్టు మీద ఇద్దరం పారలతో తవ్వేవాళ్లం. ఎదురుగా మట్టి, అంతే. సొరంగం మొత్తానికి గాలి ఎక్కించేవాళ్లు. ఆ గాలిలోనే తిండి, ఆ గాలిలోనే ఆవలింత."

"భయమెయ్యలేదా మావయ్యా?"

"ఎందుకెయ్యదు? లోపల ఉన్నంతసేపూ భయపడేవాళ్లం. పొరపాటెక్కడంటే, బయటికి వచ్చేటప్పుడు భయపడటం మానేసేవాళ్లం. ఒకరోజు ఏదో తొందరొచ్చి ఒత్తిడి గంటలకొద్దీ మెల్లగా దించాల్సిన గాలిగదిలోంచి మమ్మల్ని పావుగంటలో బయటికి లాగేశారు. హాయిగా ఉందనుకున్నాను. ఎక్కిన గాలి ఎముకల్లో బుడగలై కూర్చుందిట. ఏడాది తిరక్కుండా ఈ కర్రలొచ్చాయి." ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నారు. "వాళ్లు ఎంతసేపు కూర్చోమంటే అంతసేపు కూర్చో. దుమ్మెత్తిపోసినా కదలకు."

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి డాక్టరు ఆమె చెవులూ గుండే చూసి సరేనన్నాడు. సరికాదంటాడేమో అని లోపల ఎక్కడో ఆశ ఉండింది. ఆ ఆశ ఉన్నట్టు తెలిసి సిగ్గేసింది. సొరంగంలో బుల్లి రైలెక్కి, యంత్రం మధ్యలోంచి మెట్లూ నిచ్చెనలూ ఎక్కి అడ్డగోడ దగ్గరికి చేరేసరికి అక్కడ మేస్త్రి, ఆయన బావమరిది సిద్ధంగా ఉన్నారు. మేస్త్రికి యాభై దాటాయి. చేతులు పలుగుల్లా ఉంటాయి, మాట మాత్రం మెత్తన. బావమరిది వెల్డరు. నిప్పురవ్వల మధ్య బతికేవాడని అందరూ మిణుగురు అంటారు.

గాలిగది అంటే ఒక పడుకోబెట్టిన పీపా. నలుగురు మోకాళ్లు మోకాళ్లు తగిలించుకుని కూర్చోవచ్చు. బయట వాల్వుల దగ్గర ఒకావిడ కూర్చుని ఉంది. ఎన్నేళ్లుగానో ఆవిడ పని అదే. అందరికీ వాల్వుల అక్క. చిన్న గాజు కిటికీలోంచి ముగ్గురి మొహాలూ ఒక్కొక్కటిగా చూసి, "చెవి నొప్పెడితే చెయ్యెత్తండి. మొహమాటపడి కర్ణభేరి పగలగొట్టుకోకండి," అంది.

తలుపు మూశారు. బుస్సుమంటూ గాలి ఎక్కడం మొదలైంది. చెవుల్లో ఎవరో బొటనవేళ్లు దూర్చి నొక్కుతున్నట్టుంది. ముక్కు మూసుకుని గుటకలు మింగుతూ, మధ్యలో రెండుసార్లు చెయ్యెత్తింది. పీపా వేడెక్కింది.

"మేడమ్, ఒకసారి ఈల వెయ్యండి," అన్నాడు మిణుగురు. ఆ గాలిలో వాడి గొంతు ముక్కుతో మాట్లాడినట్టు సన్నగా వచ్చింది.

ఆమె పెదాలు ముడిచి ఊదింది. ఉత్త గాలి వచ్చింది.

"ఎవరికీ రాదు. గాలి అంత చిక్కన. మా బావకి బయట కూడా రాదనుకోండి, అది వేరే సంగతి."

"నోరు ముయ్యరా," అన్నాడు మేస్త్రి. ఆమెకి నవ్వొచ్చింది గానీ దవడలు వణికి నవ్వు సగంలో విరిగిపోయింది. మేస్త్రి అది చూశాడు. చూడనట్టు పానాలు సర్దుకున్నాడు.

అవతలి తలుపు తెరిచారు.

కాగితం మీద ఆ గది ఒక వేలెడు. ఇక్కడ పైన చీకటి, కింద మోకాలంత దిగువన కదిలే బూడిద రంగు బురద, ఎదురుగా చక్రం వీపు. చక్రం చేతుల సందుల్లోంచి మట్టి కనిపిస్తోంది. ఆ మట్టి మీద చిక్కటి బంకమట్టి పూత పూసి ఉంది. దీపం వెలుగులో అది తడి చర్మంలా మెరుస్తోంది. గాలి తప్పించుకు పోకుండా ఆపేది ఆ పూత ఒక్కటే. దాని వెనక నాలుగు గజాల ఇసుక, ఆపైన నది. ఎక్కడో నీటిబొట్టు పడుతోంది. పడిన ప్రతిసారీ ఆమె భుజాలు ముడుచుకుపోయాయి.

నడుముకి తాడు కట్టుకుని, అడ్డగోడకి బిగించిన మడత ఇనుప పలక మీద నిలబడి, గూళ్లు చూసింది. మొదటి గూడు దగ్గరే ఆగిపోయింది. పగులు సరిగ్గా తను గీసిన అతుకు వెంబడే పోయింది. తన గీత తనకి తెలియదా? వేలితో తడిమితే గోరు దిగింది.

"వెల్డింగు నిలుస్తుందా మేడమ్?" అడిగాడు మేస్త్రి.

"నిలవదు. కోసెయ్యాలి. మూడూ."

మేస్త్రి నిట్టూర్చాడు. మిణుగురు అప్పటికే అరిగిపోయిన పన్ను ఒకటి ఊడదీసి చైన్ పుల్లీకి తగిలించాడు. పన్ను అంటే చిన్నదేం కాదు, బండి చక్రమంత ఉంటుంది, ఇద్దరు మనుషుల బరువు. ఆమె కొలతలు రాసుకుంది. నలభై నిమిషాలయ్యాయి. ఇంకో ఇరవై ఉంటే చాలు, వెళ్లిపోవచ్చు. ఆ మాట మనసులో అనుకుని తప్పు చేశానేమో అనుకుంది.

పొగమంచు కమ్మింది.

ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. ఒక్క ఊపిరిలో గది అంతా తెల్లగా అయిపోయింది. చెవులు టప్పున తెరుచుకున్నాయి. ఒంటి మీద చెమట చల్లబడింది.

"ఎవరూ కదలకండి, ఒత్తిడి పడిపోతోంది," అన్నాడు మేస్త్రి.

పైన ఎక్కడో సన్నగా కూత వినిపిస్తోంది. బంకమట్టి పూత ఎండి బీట తీసింది. గాలి దాన్ని వెతుక్కుని, ఇసుకలోంచి దారి చేసుకుని, నదిలోకి పోతోంది. గోడ మీది ఫోను మోగింది. వాల్వుల అక్క గొంతు గరగరలాడింది. "గాలి తగ్గుతోంది. రెండు కంప్రెసర్లూ వేశాను, అయినా తగ్గుతోంది. అన్నీ వదిలేసి వచ్చెయ్యండి."

ఆమెకి ఎవరూ రెండోసారి చెప్పక్కర్లేకపోయింది. తలుపు దగ్గరికి ఎలా వచ్చిందో గుర్తులేదు. ఒక కాలు గాలిగదిలో పెట్టేసింది, చెయ్యి తలుపు పిడి మీద ఉంది. అప్పుడు వెనక మట్టి పెళ్ల ఒకటి కూలింది. మంచమంత పెళ్ల. అది చైనుకి తగిలి పన్ను ఊగింది. మిణుగురు కేక పెట్టాడు.

వెనక్కి చూసింది. పన్ను దిగజారి వాడి పాదాన్ని పలక అంచుకి నొక్కేసింది. చైను కొక్కెం వంగిన గూట్లో ఇరుక్కుంది. మేస్త్రి భుజం పెట్టి పన్నుని ఎత్తాలని చూస్తున్నాడు, అది కదలడం లేదు. బురద పలక మీదికి వచ్చేసింది.

తర్వాత చాలాకాలం ఆమె ఆ కాసేపటి గురించి ఎవరికీ చెప్పలేదు. ఒక్క మావగారికే చెప్పింది. తలుపు పిడి మీద చెయ్యి బిగుసుకుపోయింది. మూసెయ్యి, మూసెయ్యి అని ఒంట్లో అణువణువూ అరిచింది. మూస్తే తను బతుకుతుంది. ఎంతసేపు అలా ఉందో? మేస్త్రి "తల్లీ! సుత్తి, సుత్తి!" అని అరుస్తుంటే అది ఎవర్నో పిలుస్తున్నట్టు వినపడింది.

సుత్తి ఆమె కాలి దగ్గరే ఉంది. అది తీసుకుని వెనక్కి నడిచింది. ధైర్యం వచ్చి కాదు. భయం అలాగే ఉంది, పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. కాళ్లు మాత్రం వెళ్లాయి.

"పన్ను కదలదు," అంది. "పలకని దించాలి. మూల నుంచి జానెడు లోపలికి, కింద, ఒక పిన్ను ఉంటుంది. అది ఊడితే పలక కిందికి మడుచుకుంటుంది."

"నేను వదిల్తే వీడు మునిగిపోతాడు. నువ్వే కొట్టాలి తల్లీ."

పలక కింద అంతా బురద. ఆమె గుండెల దాకా దిగింది, గడ్డం దాకా దిగింది. చల్లటి బురద చొక్కాలోంచి లోపలికి పాకింది. ఏమీ కనపడదు. చేత్తో మూల వెతికింది, మూలనుంచి జానెడు కొలిచింది. పిన్ను అక్కడే ఉంది. బురదలో సుత్తికి ఊపు రాదు. మొదటి దెబ్బ తన వేళ్ల మీదే పడింది. రెండోది తగిలినట్టే లేదు. బురద కింది పెదవిని తాకింది. నోరు మూసుకుని, ముక్కుతో ఊపిరి పీలుస్తూ మళ్లీ కొట్టింది, మళ్లీ కొట్టింది. ఎన్నో దెబ్బకో పిన్ను జారింది. పలక ధనామని మడుచుకుంది. మిణుగురు కాలు ఊడి, నిలువునా బురదలో పడ్డాడు. మేస్త్రి వాణ్ణి నడుం తాడు పట్టుకుని, ఆమెని చొక్కా కాలరు పట్టుకుని, ఇద్దర్నీ గాలిగదిలోకి ఈడ్చాడు. తలుపు పడింది. బయటినుంచి వాల్వుల అక్క ముందరి గదిలోకి చిక్కటి బంకమట్టి నీళ్లు పంపులతో ఎక్కించేసింది. నది ఆగింది.

ముగ్గురూ పీపాలో కుప్పపడ్డారు. బతికామనుకున్నారు. అసలు పరీక్ష అప్పుడు మొదలైంది.

మిణుగురు బూటు విప్పితే లోపల పాదం పాదంలా లేదు. ఆమె తన బెల్టు తీసి పిక్క దగ్గర బిగించి కట్టింది. ఫోనులో పెద్దసారు వచ్చాడు. "నది మీద నీళ్లు కుతకుత ఉడుకుతున్నట్టు బుడగలొస్తున్నాయిట, పడవవాళ్లు ఫోను చేశారు. అంబులెన్సు పైన సిద్ధంగా ఉంది. డాక్టరు రెండు గంటల పది నిమిషాలు కూర్చోవాలంటున్నాడు. మీరు ముగ్గురూ ఒప్పుకుంటే నలభై నిమిషాల్లో తీసేస్తాం."

"తీసెయ్యండి!" అని అరిచాడు మిణుగురు. "బావా, చెప్పు, తీసెయ్యమను!"

వాల్వుల అక్క మధ్యలో అందుకుంది. "సారూ, వాళ్లు ఒప్పుకున్నా నేను ఒప్పుకోను. కాలు ఒకటి పోతుందని ప్రాణాలు మూడు తీస్తారా?"

కాలా, ఎముకలా? ఆమె కళ్ల ముందు రెండూ ఉన్నాయి. రక్తం బెల్టు కింద ఇంకా ఊరుతూనే ఉంది. రెండు గంటల్లో వాడు చేతుల్లోనే పోతే? నలభై నిమిషాల్లో బయటికి లాగాక ముగ్గురికీ పక్షవాతం వస్తే? తన చేతిలో కొలబద్ద లేని లెక్క ఇది. అడకత్తెరలో పోకచెక్కలా నలిగిపోయింది.

"డాక్టరుగారు ఉన్నారా?" అని అడిగింది. డాక్టరు ఫోను అందుకున్నాడు. రక్తం ఎంత పోతోందో, పాదం రంగేమిటో, నాడి ఎంత ఉందో అడిగి చెప్పించుకున్నాడు. "బెల్టు అలాగే ఉంచండి. పదిహేను నిమిషాలకోసారి నాడి చూసి చెప్పండి. కూర్చుంటే కాలు కష్టం, తొందరపడితే మనిషి కష్టం," అన్నాడు.

"కూర్చుంటాం," అంది ఆమె. మేస్త్రి బావమరిది మొహం చూడకుండా తలూపాడు.

"మీ కాలైతే తెలిసేది!" అన్నాడు మిణుగురు. తర్వాత ఇంకా చాలా మాటలన్నాడు. రాయదగ్గవి కావు.  ఆమె ముగ్గురి మొహాలకీ ఆక్సిజన్ గొట్టాలు అందించింది. కాసేపటికి వాడు తిట్టడం మానేశాడు. దానికే ఎక్కువ భయం వేసింది. కళ్లు మూతలు పడుతున్నాయి.

"నిద్రపోనివ్వకమ్మా," అన్నాడు మేస్త్రి గుసగుసగా. "ఏదో ఒకటి మాట్లాడు. నాకు మాట రావడం లేదు."

ఆమెకి తెలిసిన కథ ఒకటే. అదే మొదలుపెట్టింది. నోటి మీది గొట్టం తీసి రెండు మాటలు, మళ్లీ పెట్టుకుని రెండు ఊపిర్లు. "విను. రెండు వందల ఏళ్ల కిందట ఒకాయన ఓడ చెక్కని తొలిచే పురుగుని చూశాట్ట. దాని తల గట్టి పెంకు. తొలుచుకుంటూ పోతూ వెనక గోడకి పూత పూసుకుంటూ పోతుంది. అది చూసి ఇనుప కవచం చేయించాడు. అరలు అరలుగా, ఒక్కో అరలో ఒక్కో మనిషి. ఎదురుగా చెక్కలు. ఒక చెక్క తీసి జానెడు తవ్వి మళ్లీ చెక్క పెట్టెయ్యాలి."

"నీళ్లు రాలేదా?" అన్నాడు మిణుగురు కళ్లు మూసుకునే.

"వచ్చాయి. చాలాసార్లు. మనుషులు పోయారు. తర్వాత గాలి ఎక్కించడం కనిపెట్టారు. నీళ్లు ఆగాయి, ఎముకలు పోవడం మొదలైంది. మా మావగారు అలాంటి చోటే చేశారు. ఆపైన చక్రం పెట్టారు, తవ్వేపని చక్రానిది. అప్పుడొకళ్లకి తోచింది. మనుషులుండే చోటంతా గాలి నింపడం ఎందుకు, చక్రం ముందు చిక్కటి బంకమట్టి నీళ్లు నింపి అడ్డగోడ కడితే మట్టిని మట్టే ఆపుతుందిగా అని. ఇంకోచోట తవ్విన మట్టినే ముద్దగా బిగించి ఆపారు. మనుషులు గోడకి ఇవతల మామూలు గాలిలో హాయిగా ఉన్నారు."

"హాయిగా," అన్నాడు వాడు. పెదవి కొంచెం వంకర తిరిగింది.

"పళ్లు అరిగేదాకా."

 చలి. ఒత్తిడి తగ్గే కొద్దీ బూట్లలోని బురద మంచుగడ్డలా తయారైంది. ఆమె నాడి చూసి ఫోనులో అంకె చెప్పింది. ఇంకా గంటా పది.

"అక్కడితో ఆపేశారా?" అన్నాడు మేస్త్రి.

"లేదు. చేతులు బోలుగా చేశారు. లోపలినుంచే పళ్లు మార్చుకోవచ్చు."

"మరి మనకెందుకు లేదు?"

ఈ ప్రశ్న రాకుండా ఉంటే బాగుండునని ఆమె దారి పొడుగునా అనుకుంటూనే ఉంది. "గీశాను. వద్దన్నారు. గట్టిగా పట్టుబట్టలేదు. సంతకం పెట్టేశాను."

మేస్త్రి ఆమె వైపు తిరిగాడు. కోపంగా ఉన్నాడో లేదో ఆ మొహం మీది బురదలో తెలియలేదు. "నాడి చూడమ్మా," అన్నాడు.

రెండు గంటల పది నిమిషాలూ అలాగే గడిచాయి. తలుపు తీసినప్పుడు ఆమె తనంతట తాను లేవలేకపోయింది. బయట నిలబడ్డ పెద్దసారు ఏదో అనబోయాడు. వాల్వుల అక్క ఆయన్ని పక్కకి నెట్టి స్ట్రెచరుకి దారి చేసింది.

మిణుగురు పాదం దక్కింది, రెండు వేళ్లు పోయాయి. ముగ్గురికీ ఎముకల ఫొటోలు ఆరు నెలలకోసారి తీస్తున్నారు, ఇప్పటివరకు మచ్చ లేదు. నది అడుగున పడవలతో బంకమట్టి పోయించి, పద్నాలుగు రోజుల తర్వాత మళ్లీ ముందరి గదిలోకి మనుషుల్ని పంపారు. గూళ్లు కోసి కొత్తవి పెట్టారు. ఆ జట్టుతో వెళ్తారా అని పెద్దసారు అడిగితే ఆమె, "వెళ్లను. నాకు భయం," అంది. అంత చిన్న మాట పదకొండేళ్లలో ఎవరితోనూ అనలేదు. ఆయన తలొంచుకున్నాడు. "నాకూ భయమేనండి," అన్నాడు.

తర్వాతి యంత్రం డ్రాయింగు బోలు చేతులతోనే బల్లల మీదికి వెళ్లింది. మళ్లీ అదే మాట వచ్చింది, బరువు, ఆలస్యం. ఈసారి ఆమె వాదించలేదు. బల్ల మీద పెన్ను పెట్టి సంతకం చెయ్యనంది. వేరే ఎవరిచేతైనా పెట్టించుకోమంది. మేస్త్రి జట్టులో ఇరవై ముగ్గురూ ఆ పాత పద్ధతి యంత్రమైతే ముందరి గదిలోకి వెళ్లేది లేదని కాగితం రాసిచ్చారు. ఆ కాగితం ఎవరు రాయించారని పెద్దలు గుచ్చి గుచ్చి అడిగారు. వాల్వుల అక్క, "నేనే. నా దస్తూరీ బావుంటుంది," అంది. నాలుగు నెలలు సాగదీసి చివరికి ఒప్పుకున్నారు.

మూడో ఏట, వేరే నది కింద, ఆ యంత్రం పళ్లు మొదటిసారి అరిగాయి. మిణుగురు కుంటుకుంటూ ముందు నడిచాడు. అడ్డగోడ మధ్యలో గుండ్రటి తలుపు తీశారు. గాలిగది లేదు, గంటల తరబడి కూర్చోవడం లేదు, ముక్కు గొంతు లేదు. వాడు మామూలు చొక్కాతో చక్రం చేతిలోకి దూరి, పానా బిగిస్తూ ఈల వేస్తున్నాడు. రాగం బొత్తిగా లేదు.

"రండి మేడమ్, మీదేగా," అని పిలిచాడు.

గీతలమ్మ తలుపు దగ్గర నిలబడిపోయింది. ఒక్కో అతుకూ ఆమెకి కంఠతా వచ్చు. ఏ ఒత్తిడికి ఏం తట్టుకుంటుందో మూడుసార్లు లెక్క కట్టింది, భర్త చేత నాలుగోసారి కట్టించింది. అయినా నోరు ఎండిపోయింది. ఉక్కు గోడకి చెయ్యి ఆనిస్తే చల్లగా ఉంది, అవతలినుంచి మట్టి ఒత్తుతున్న సన్నటి కీచు వినిపించింది. వెనక మేస్త్రి ఉన్నాడు. దీపం ఎత్తి పట్టుకున్నాడు.

వంగి లోపలికి వెళ్లింది. నాలుగడుగులు వేసి మిణుగురు పక్కన చతికిలబడింది. 

"ఎంతసేపు పడుతుంది?"

"ఒక్కో పన్నుకి గంటన్నర. ఆరున్నాయి."

"ఒకటయ్యేదాకా కూర్చుంటాను," అంది. కూర్చుంది.